ఊరిని నిలబెట్టిన నేత

సంక్రాంతికో క్రిస్మస్‌కో తప్ప తాళం తీయని ఇండ్లు మన గ్రామాల్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. కొడుకూ కోడలూ పట్నంలో ఉంటారు, అరుగు మీద పెద్దవాళ్లు మాత్రం మిగులుతారు. బడి, ఆసుపత్రి, సాగునీరు, బస్సు లేని ఊరు నిలవదని మనమందరం ఒప్పుకునే మాటే. అయితే ఇవన్నీ ఉండి కూడా ఖాళీ అవుతున్న ఊళ్లున్నాయి. మరి మనుషుల్ని ఊరికి కట్టిపడేసేది ఇంకేమిటి? తాతముత్తాతలు చేతికిచ్చిన పని ఒక్కోసారి ఆ మేలు చేయగలదు. అన్నిసార్లూ కాదు. ఎప్పుడు చేస్తుందో, ఎప్పుడు చేయలేదో పోచంపల్లి ప్రాంతాన్ని చూస్తే తెలుస్తుంది.

హైదరాబాదుకు 50 కిలోమీటర్ల లోపే ఉన్న ఈ ఊరు 1951 ఏప్రిల్ 18న దేశమంతటికీ తెలిసింది. భూమిలేని హరిజన కుటుంబాలు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు అక్కడికక్కడే 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఊరి పేరు ముందు ‘భూదాన్’ చేరింది. కాని ఆ తరువాతి కాలంలో పోచంపల్లి పేరును ఇంటింటికీ చేర్చింది మాత్రం చీర.

ఈ నేతకు మూలం చీరాల అంటారు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు అక్కడి నుండి అరబ్బు దేశాలకు ఓడలెక్కేవి. ఆ విద్య గత శతాబ్దం తొలి దశాబ్దాలలో పోచంపల్లి వైపు వచ్చింది. ఇప్పుడు ఆ రుమాలుకు పుట్టపాక గ్రామమే పెట్టింది పేరు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. విద్యకు కాళ్లుంటాయి, ఆదరించిన చోటే అది కాపురం పెడుతుంది.

ఈ నేతలో ప్రత్యేకత ఏమిటంటే, బట్ట నేశాక రంగు వేయరు, నేయక ముందే వేస్తారు. దారాలను చట్రానికి బిగించి, రంగు అంటకూడని చోటల్లా గట్టిగా కడతారు. ఆ కట్లకు సైకిల్ ట్యూబు ముక్కలు కూడా వాడతారు. కట్టడం, రంగులో ముంచడం, విప్పడం, మళ్లీ కట్టడం, ఇలా రంగు రంగుకూ చేయాలి. చివరికి మగ్గం మీద పడుగులోని బొమ్మా పేకలోని బొమ్మా ఒకదానికొకటి అతకాలి. ఒక్క దారం జరిగితే ఏనుగు తొండం పక్కకు పోతుంది! ఒక మనిషి వల్ల అయ్యే పని కాదిది. ఇంట్లో ఒకరు కండెలు చుడతారు, ఒకరు కట్లు కడతారు, ఒకరు గుంట మగ్గం మీద కూర్చుంటారు. ఇల్లంతా కలిసి ఒక చీర అవుతుంది.

ఊరు నిలవడానికి ఇదే ముఖ్యమైన కారణమని మా అభిప్రాయం. తెలంగాణలోని ఎన్నో ఊళ్ల నుండి పద్మశాలి కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు తరలిపోయాయి. షోలాపూరులో తెలుగు బడులు వెలసేటంతమంది స్థిరపడ్డారు. వారి చేతిలో నైపుణ్యం తక్కువేమీ కాదు. కాని సాదా బట్టను మరమగ్గం పదోవంతు సమయంలో నేసి పడేస్తే, ఆ సాదా బట్ట నేసేవాడు మరమగ్గం ఉన్న చోటికే కూలికి వెళ్లక తప్పదు. చేత్తో కట్టి రంగులద్దిన దారాన్ని, బొమ్మ చెదరకుండా సర్దుకుంటూ నేయడం మాత్రం మరకు అంత తేలికగా లొంగలేదు. దానికి తోడు 1970ల నుండి ఇక్కడివారు పట్టు నేయడం నేర్చి, పెండ్లి చీరల బజారులో అడుగుపెట్టారు. 2004-05లో పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి వస్తువులలో ఇదొకటి. అంటే ఆ పేరుతో మరెక్కడో నేసి అమ్మడం చట్టం ఒప్పుకోదు. ఊరి పేరే ఊరి ఆస్తి అయింది.

2021లో ప్రపంచ పర్యాటక సంస్థ తన తొలి ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో పోచంపల్లిని చేర్చింది. సంతోషమే. ఆదివారం కార్లలో వచ్చి మగ్గం పక్కన నిలబడి ఫోటో దిగేవారి వల్ల నాలుగు చీరలు అమ్ముడుపోవచ్చు. సాయంత్రానికి వాళ్లు వెళ్లిపోతారు, మగ్గం ముందు మిగిలేది ఇంటివాళ్లే. వాళ్ల ఒళ్లు ఎలా ఉందో కూడా మనం అడగాలి కదా.

ఇక్కడే ఆసు సంగతి చెప్పాలి. కట్లు కట్టడానికి ముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు సాగాలి. నాలుగైదు గంటల పని. ఇది ఎక్కువగా ఇంటి ఇల్లాలి వంతు. వంటా పిల్లలూ చూసుకుంటూనే ఏళ్ల తరబడి ఆసు పోసిన తల్లుల భుజాలు, మోచేతులు ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు. చీర ఖరీదు అడిగేవారే గాని ఆ భుజం ఖరీదు అడిగినవారు తక్కువ.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మిగారిదీ అదే బాధ. ఆరో తరగతితో బడి మానేసి నేతలో దిగిన ఆ కుర్రవాడు, అమ్మ చేతి నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రం తయారు చేయాలనుకున్నాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. 1992లో మొదలుపెట్టి ఏడేళ్లు అవస్థ పడి 1999లో సాధించాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. సంప్రదాయంలోకి యంత్రం రాకూడదనేవారు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. ఆ యంత్రం నేతను తీసేయలేదు, నేతలోని నొప్పిని తీసింది. తల్లి ఏడుస్తూ చేసిన పనిని బిడ్డ ఎందుకు కోరుకుంటాడు?

నొప్పి పోయినా కూలి మాట మిగిలే ఉంది. దేశంలో చేనేతను నమ్ముకున్నవారు 1995-96 లెక్కల్లో 65 లక్షలకు పైగా ఉండగా, 2009-10 నాటికి 43 లక్షలకు, 2019-20 నాటికి 35 లక్షలకు తగ్గారు. ఆ చివరి గణనలోనే మూడింట రెండు వంతుల నేత కుటుంబాల రాబడి నెలకు 5,000 రూపాయల లోపేనని తేలింది. పోచంపల్లిలో కూడా చాలామంది సొంతంగా నేయరు. షావుకారు నూలిస్తే నేసి కూలి తీసుకుంటారు. ఇంటిల్లిపాదీ చేసినా కూలి ఒక్కరి లెక్కన వస్తే, పిల్లవాడు డిగ్రీ చదివి పట్నం పోతానంటే తప్పు పట్టగలమా? మేమైతే పట్టలేము. వారసత్వం పేరు చెప్పి బిడ్డను ఇంట్లో కట్టేయకూడదు. అక్కడే ఉండాలని వాడికే అనిపించేటట్టు కూలి ఉండాలి.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో మరో రకం ఇబ్బంది వచ్చింది. అక్కడి లక్కబొమ్మలకు అంకుడు కర్ర కావాలి. రసాయనపు రంగుల స్థానంలో సి.వి. రాజుగారు చెట్టూ చేమా నుండి తీసిన రంగులను తిరిగి తెచ్చి బొమ్మలకు కొత్త గిరాకీ తెచ్చారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే అడవిలో అంకుడు చెట్టు లేకపోతే ఎంత గిరాకీ ఉండి ఏం లాభం? చేతిపనిని కాపాడాలంటే చెట్టును కూడా నాటాలి.

ఇక పోచంపల్లికి ఇప్పుడున్న పెద్ద బెడద అచ్చు వేసిన నకిలీ చీర. బొమ్మ అదే, ధర మాత్రం పదోవంతు. పెండ్లి బట్టలకు వెళ్లినప్పుడు మన ఇంటి ఆడవారు చీరను తిరగేసి చూడాలి. అచ్చు చీరకు లోపలి వైపు రంగు వెలిసినట్టుంటుంది. అసలు ఇకత్‌కు రెండు వైపులా ఒకే రంగు, ఒకే బొమ్మ. బొమ్మ అంచులు కూడా గీత గీసినట్టు ఉండవు, నీళ్లలో తడిసినట్టు కాస్త చెదిరి ఉంటాయి. కట్టు కింద నుండి రంగు పాకిన గుర్తు అది. చేనేత మార్కు ఉందేమో చూసి, రసీదు అడిగి తీసుకోండి.