వెండితెర విల్లు వేరు... వెదురు విల్లు వేరు!

హాలు నిండా ఈలలు. తెరమీద కథానాయకుడు ఒక్కసారే మూడు బాణాలు తీసి వింటికి సంధించాడు. పక్కనే యువరాణి. ఆమె వేళ్ళ మధ్యా మూడు బాణాలు! ‘బాహుబలి 2’ (2017)లో ప్రభాస్, అనుష్క కలిసి బాణాల వాన కురిపించిన ఆ ఘట్టం మీకు గుర్తుండే వుంటుంది. నేను మూడుసార్లు చూశాను. ఒకసారి టిక్కెట్టు కొని, ఒకసారి వృత్తిరీత్యా, మరొకసారి మా అక్క కొడుకు చొక్కా పట్టుకుని లాక్కుపోతే!

అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. ఆ రాత్రే ఇంట్లో చీపురు కట్ట సగమైంది.

ఇందులో వింతేమీ లేదు లెండి. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దుట దూరదర్శన్‌లో రామాయణం వచ్చినప్పుడు మా వీధిలో ఏ ఇంట్లోనూ చీపురు నిండుగా వుండేది కాదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంతకుముందు తరంవాళ్ళు ‘లవకుశ’ (1963) చూసొచ్చి అదే పని చేశారు. కృష్ణగారి ‘అల్లూరి సీతారామరాజు’ (1974) చూసినవాళ్ళయితే ఏకంగా తాటాకులు తలకు చుట్టుకుని, వెదురు బద్దలు వంచి మన్యం వీరులైపోయారు. తెలుగువాడికి విల్లు ముందు తెరమీదే పరిచయం. ఆ తర్వాతే చేతిలోకి వస్తుంది. చిక్కంతా అక్కడే!

తెరమీద బాణం కథ

ఇంతకీ ఆ తెరమీది విల్లు ఎలాంటిది? కృష్ణానగర్‌లో ప్రాపర్టీస్ పనిచేసే పెద్దాయన ఒకర్ని అడిగాను. ఆయన నవ్వి, గోడకు ఆనించి వున్న బంగారు రంగు కోదండం ఒకటి నా చేతిలో పెట్టారు. చూడ్డానికి మణుగు బరువుంటుందనిపించేది కాస్తా గొడుగు కన్నా తేలిగ్గా వుంది! పైన రంగు, నగిషీ, లోపల ఫైబరు. “గట్టిగా లాక్కండి బాబూ, ఇరుగుద్ది. ఇది లాగడానికి కాదు, ఫోటోకి” అన్నారాయన.

నిజమైన విల్లయితే హీరో రెండు పేజీల డైలాగు చెప్పేదాకా నారి చెవిదాకా లాగి పట్టుకోగలడా? ఒలింపిక్ విలుకాళ్ళు లాగే వింటి బలం నలభై పౌండ్ల పైమాటే. అంటే పద్దెనిమిది, ఇరవై కిలోల బియ్యం బస్తాని మూడు వేళ్ళతో వేలాడదీసి, వణక్కుండా నిలబడ్డమన్నమాట. అందుకే వాళ్ళు కొద్ది సెకన్లలోనే బాణం వదిలేస్తారు. మూడు బాణాలు ఒకేసారి వేస్తే వున్న బలమే మూడు వాటాలవుతుంది. పైగా నారి మధ్యలో కూర్చునేది ఒకటే, మిగతా రెండూ ఎటు పోతాయో ఆ దేవుడికే తెలియాలి. పాతకాలపు చిత్రాల్లో కంటికి కనిపించనంత సన్నటి తీగ మీద బాణాన్ని పరుగెత్తించి గురికి తగిలించేవారు. ఇప్పుడు చాలాసార్లు అసలు బాణమే వుండదు, నటుడు గాలిని లాగి వదుల్తాడు, బాణాన్ని కంప్యూటర్ గీస్తుంది.

ఒక్కటి మాత్రం మన పౌరాణికాలు తెలియకుండానే సరిగ్గా చూపించాయి. రాముడి వేషం కట్టిన నటుడి ముంజేతికి వెడల్పాటి బంగారు పట్టా వుంటుంది చూశారూ? అలంకారమనుకుంటాం. వదిలిన నారి వచ్చి కొట్టేది సరిగ్గా అక్కడే! ఈనాటి క్రీడాకారులూ అక్కడ పట్టా కట్టుకుంటారు.

అన్నట్టు, ఏకలవ్యుడి బొటనవేలు సంగతి. నారిని బొటనవేలితో లాగే పద్ధతిలో ఆ వేలు పోతే విద్య పోయినట్టే. కానీ ఈనాటి ఒలింపిక్ పద్ధతిలో లాగేది చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళతో. ఆ లెక్కన ఏకలవ్యుడు ఇప్పుడు పుట్టివుంటే ద్రోణుడి పన్నాగం పారేది కాదు!

అసలు కథ

2020 వేసవి. షూటింగులు లేవు, రాయడానికి కబుర్లు లేవు. నేను హైదరాబాదు గది ఖాళీచేసి ఏలూరులో అక్కావాళ్ళింట్లో పడ్డాను. మార్చి 28 నుంచి టీవీలో మళ్ళీ అదే రామాయణం. మావాడికి అప్పటికి పదకొండేళ్ళు. చీపురు పుల్లల వయసు దాటిపోయింది. “మావయ్యా, పైపుతో విల్లు చేద్దామా? వీడియోలో చూపించాడు” అన్నాడు.

మేడమీద నీళ్ళ టాంకు దగ్గర మిగిలిపోయిన పీవీసీ పైపు ముక్క ఒకటి వుంది. ఎన్నాళ్ళు ఎండలో పడివుందో ఏమో. స్టవ్వు మీద వేడిచేసి, పీట కింద నొక్కి చదును చేశాం. నైలాను తాడు కట్టాం. బ్రహ్మాండంగా కుదిరింది! నేను వూరుకున్నానా? వాడి ముందు హీరోలా నిలబడి, బాణం లేకుండానే చెవిదాకా లాగి టంగుమని వదిలాను.

ఢామ్మని పేలింది. నా చేతిలో గుప్పెడు ముక్క మిగిలింది. మరో ముక్క వెళ్ళి పిల్లాడి కనుబొమ మీద తగిలింది.

మూడు కుట్లు పడ్డాయి. డాక్టరుగారు కుట్లు వేస్తూ బొటనవేలి గోరు చూపించి, “ఇంత కిందికి తగిలివుంటే కన్ను పోయేది” అన్నారు. అక్క ఏమీ అనలేదు. తిట్టివుంటే బాగుండేది. వారం రోజులపాటు నాకు అన్నం పెట్టింది గానీ నా మొహం చూడలేదు.

అది ఎందుకు పేలిందో తర్వాత తెలుసుకున్నాను. లాగిన వింటిలో దాచిన శక్తి బాణంతోపాటు బయటికి పోవాలి. బాణం లేకపోతే ఆ శక్తంతా తిరిగి వింటినే కొడుతుంది. వుత్త నారి లాగి వదలడమన్నది విలువిద్యలో పెద్ద తప్పు, లక్షల ఖరీదు చేసే విల్లయినా దానికి విరుగుతుంది. పైగా ఎండకు మగ్గిన పీవీసీ పెళుసుబారుతుంది, విరిగితే కత్తుల్లా చెదురుతుంది. వెదురు అలా కాదు. చాలాసార్లు ముందు చిటపటమంటుంది, నార లేస్తుంది, చెప్పి మరీ విరుగుతుంది.

మేదరి తాత పాఠం

ఆరునెలలకు గానీ అక్క మెత్తబడలేదు. అదీ ఒక షరతు మీద. “చేస్తే తెలిసినవాళ్ళ దగ్గర చెయ్యండి. ప్రతి బాణం ముందు నేను చూడాలి.” అలా బుట్టలల్లే మేదరి తాత దగ్గరికి చేరాం.

“విల్లా? మా చిన్నప్పుడు పిట్టలకేసేవోళ్ళం” అని ఆయన పచ్చి బొంగులన్నీ పక్కకు నెట్టి, ముదిరి నీడలో ఆరిన, లోపల బోలు తక్కువగా వున్న బొంగు ఏరాడు. నిలువునా చీల్చి బద్ద తీశాడు. నేను పైనున్న నిగనిగలాడే పొర గీకబోతే చెయ్యిపట్టుకుని ఆపాడు. దాని బలమంతా ఆ తొక్కలోనే వుందట! నిజమే. విల్లు వంగినప్పుడు సాగేది గురివైపుండే వీపు. ఆ సాగుడికి తట్టుకునేది వెదురు పైపొరే. కనక చెక్కడమంతా లోపలివైపునే. కణుపుల్ని పైన ముట్టుకోకూడదు. మధ్యలో పిడి దగ్గర మందం, కొసలకు పోనుపోను సన్నం. వింటి పొడవు సుమారు పిల్లాడి ఎత్తు.

అసలు ఓర్పు కావలసింది ఆ తర్వాత. కొసలకు గాళ్ళు పెట్టి, తాడు వదులుగా కట్టి, కొంచెం లాగి, దూరంగా నిలబడి చూడాలి. రెండు చేతులూ ఒకేలా వంగుతున్నాయా? ఎటు బిరుసుగా వుంటే అటు లోపలి నుంచి గాజుపెంకుతో గీకాలి. మళ్ళీ కొంచెం లాగాలి. మేము మొదటి బద్దని తొందరపడి పాడుచేశాం. రెండోది పొయ్యిలోకి పోయింది. మూడోది నిలబడింది. నారి బిగించాక పిడికి, నారికి మధ్య ఎడం ఎంతుండాలంటే, పిడి మీద పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే దాని కొస నారికి తగలాలి. సామాను తూచే కొక్కెం త్రాసు తగిలించి లాగితే ఆరు కిలోలు తూగింది. ఆ వయసుకు అది చాలు. నారికి నైలాను పనికిరాదు, సాగుతుంది. సాగని పాలియెస్టరు దారాన్ని పేటలుగా పురిపెట్టాం.

బాణం దగ్గరికొస్తే, విల్లు కన్నా బాణమే కష్టం. పుల్ల వంకరుంటే నిప్పుల సెగ చూపించి సాపు చెయ్యాలి. తల బరువుగా, తోక తేలిగ్గా వుండాలి. తోకకున్న మూడు ఈకలు గాలికి అడ్డుపడి తోకను వెనకే వుంచుతాయి. వదిలిన క్షణంలో బాణం తిన్నగా పోదు సుమా! చేపలా మెలికలు తిరిగి, వింటి పిడిని ఒరుసుకోకుండా చుట్టుకుపోతుంది. కుడిచేత్తో లాగేవాడికి పుల్ల మరీ బిరుసుగా వుంటే బాణం ఎడమకు, మరీ మెత్తగా వుంటే కుడికి పోతుంది. గురి తప్పిందని పిల్లాణ్ణి తిట్టేముందు పుల్లను వంచి చూడండి. ఇంకో సంగతి: లాగే దూరం కన్నా బాణం నాలుగు వేళ్ళు పొడవుండి తీరాలి. పొట్టి బాణమైతే పిడికి వెనక్కి జారి, వదలగానే చేతిలో దిగుతుంది.

మిగతా సరంజామాకి బజారుకు పోనక్కర్లేకపోయింది. వేళ్ళకు నా పాత బెల్టు తోలు ముక్క, ముంజేతికి పాత హ్యాండ్‌బ్యాగు తోలు, అమ్ములపొదికి అడుగు బిగించిన వెదురు బొంగు. గురికి అట్టపెట్టెల్ని పట్టీలుగా కోసి, అంచులు ముందుకొచ్చేలా పేర్చి తాళ్ళతో బిగించాం. వెనక చెరువు గట్టు. విల్లు ఎత్తినవాడి కన్నా ముందు ఎవరూ నిలబడకూడదని అక్క చాక్‌పీసుతో గీత గీసి, అక్కడే పీట వేసుకు కూర్చుంది.

ఆట ఖరీదు

మన్యంలో ఇదంతా నిన్నమొన్నటి సరదా కాదు. పాడేరు వైపు ఇటుకల పండగకి మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు బయల్దేరతారు. రాజస్థాన్ గిరిజన కుర్రాడు లింబారామ్ అడవిలో వెదురు విల్లుతో మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్ ఆడాడు. రాంచీ ఆటో డ్రైవరు కూతురు దీపికా కుమారి కూడా వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది. ఆమె మీద ‘లేడీస్ ఫస్ట్’ (2017) అని డాక్యుమెంటరీ వచ్చింది, చూడండి. మన విజయవాడ సంగతి చెప్పాలా? 2010లో రోడ్డు ప్రమాదంలో పోయిన చెరుకూరి లెనిన్ పేరు అక్కడి విలుకాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ వూరి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ జట్టులో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్ళి ఒక్క మెట్టు మీద ఆగిపోయాడు. చిత్రసీమా కదిలింది. 2025 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన మొదటి ఆర్చరీ ప్రీమియర్ లీగ్‌కి ప్రచారకర్త ‘ఆర్.ఆర్.ఆర్.’లో విల్లు పట్టిన రామ్‌చరణే!

వాళ్ళు వాడే సరంజామా మాత్రం రెండు మూడు లక్షలకు తక్కువ రాదు. అందుకే మన దేశంలో ‘ఇండియన్ రౌండ్’ అని ఒకటుంది. వెదురు, చెక్క విల్లుతో ముప్ఫై, యాభై మీటర్ల పోటీ. కొన్ని వేలల్లో అయిపోతుంది. మావాడిప్పుడు అదే ఆడుతున్నాడు, కొన్న విల్లుతో. కోచ్‌గారు రికర్వ్‌కి మారమంటున్నారు. బావగారు చీటీ పాడదామా, స్థలం అమ్ముదామా అని లెక్కలు వేస్తున్నారు. అక్క ఇంకా ఏమీ తేల్చలేదు.

మొన్న ఏలూరు వెళ్ళినప్పుడు చూశాను. తాత చెక్కిచ్చిన పాత విల్లు గోడకు వేలాడుతోంది, నారి విప్పి. వాడు ప్రాక్టీసుకి బయల్దేరుతుంటే అక్క గుమ్మంలో నిలబడి బాణాలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, వంచి చూసి, ఇస్తోంది. పన్నెండింట్లో ఒకటి పక్కన పెట్టేసింది. సన్నగా చీలిక పడిందట. నాకు ఎంత చూసినా కనపళ్ళేదు.