తేనెటీగల లెక్కలో దళితుల భూమి ఎక్కడ?

హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోట పక్కన పురుగుమందు కొట్టాలంటే రైతు వెనకాముందూ చూసుకుంటాడు. మందు గాలికి కొట్టుకొచ్చి ఆకు మీద పడితే పట్టుపురుగులు చస్తాయి. ఆ పురుగుకు యజమాని ఉన్నాడు. దాని గూళ్లకు హిందూపురంలో మార్కెట్ ఉంది, దారానికి ధర్మవరంలో మగ్గం ఉంది. అందుకే దాని చావు నష్టం కింద లెక్కకొస్తుంది. అదే మందుకు కంది పూల మీద వాలిన తుమ్మెద చస్తే అడిగేవాళ్లు లేరు.

అడిగేవాళ్లు లేని ఈ పురుగుల గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం. ప్రకృతి సేద్యం వైపు మళ్లుతున్న పొలాల్లోకి ఇవి తిరిగి రావాలంటే ఏం కావాలి? అవి ఎవరి భూమి మీద, ఎవరి కష్టంతో వస్తాయి?

పూత కాయ కావాలంటే

తేనెటీగ అనగానే పెట్టెల్లో పెంచేవే గుర్తొస్తాయి. మన దేశంలో 700కు పైగా తేనెటీగ జాతులున్నాయి. తేనె కూడబెట్టేవి వాటిలో కొన్నే. మిగతావి చాలావరకు ఒంటరిగా బతుకుతాయి. ఎక్కువ జాతులు నేలలో బొరియ చేసుకుని గుడ్లు పెడతాయి. తుమ్మెదలు ఎండిన కొయ్యను తొలుచుకుంటాయి. ఇంకొన్ని ఆకులను గుండ్రంగా కత్తిరించి గూట్లో పరుచుకుంటాయి.

పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో దశాబ్దాలుగా ప్రధాన పంట వేరుశనగ. దాని పూత చాలావరకు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది, ఈగలతో పెద్దగా పని లేదు. కాబట్టి ఈగలు తగ్గినా రైతుకు తెలిసేది కాదు. పంటలు మారినప్పుడే సమస్య బయటపడుతుంది. గుమ్మడి, బీర తీగల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. పురుగు వాలకపోతే పిందె నిలవదు. కందిలో ఒక మొక్క పుప్పొడి మరో మొక్కకు చేరడమంటే దాదాపు పూర్తిగా తేనెటీగల పనే. వంగ, టమాటా పూలలో పుప్పొడి చిన్న గొట్టంలాంటి భాగంలో ఉంటుంది, పువ్వును గట్టిగా కంపింపజేస్తేనే రాలుతుంది. పెట్టెల్లోని తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదకు, నీలిచారల తేనెటీగకు వచ్చు. కొండ వాలుల్లో తంగేడు పూసినప్పుడు వినిపించే ఝుంకారం అదే. పెట్టెలు పంచితే సరిపోతుందనే ప్రభుత్వ పథకాల లోపం కూడా ఇక్కడే ఉంది.

మందు మానితే చాలదు

ఈగకు మూడు కావాలి: విషం లేని పువ్వు, ఏడాది పొడవునా ఆహారం, కదిలించని గూడు.

విషమంటే పైన కొట్టే మందు ఒక్కటే కాదు. విత్తనశుద్ధికి వాడే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్కంతా పాకి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరగలవు. తేనెటీగలకు ముప్పని తేలడంతో యూరోపియన్ యూనియన్ 2018లో ఆ కుటుంబానికి చెందిన మూడు మందులను ఆరుబయట పొలాల్లో నిషేధించింది. కషాయాలతోనూ జాగ్రత్త అవసరమే. అగ్నాస్త్రంలో పొగాకు వేస్తారు, పొగాకులోని నికోటిన్ కూడా పురుగును చంపేదే. పూత మీద పొద్దున కొట్టకుండా, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టాలి.

ఇక ఆహారం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ పీకాక నెలల తరబడి పొలం బోసిగా ఉంటుంది. రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి ఈ ఖాళీని కొంత పూడుస్తుంది. చెన్నేకొత్తపల్లిలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ కొర్ర, సామ లాంటి చిరుధాన్యాలను, బీడు కొండల మీద పచ్చదనాన్ని తిరిగి తెచ్చే పని చేసింది. ఉత్తరాంధ్ర ప్రకృతి సేద్యపు పొలాల మీద 2025లో వచ్చిన ఒక అధ్యయనం దిగుబడి తగ్గకుండానే లాభం పెరిగిందని, పక్షులకూ మేలు జరిగిందని చూపింది. అలాంటి లెక్క రాయలసీమ మెట్టలో ఈగల మీద జరగాలి.

గట్టు ఎవరిది, కూలి ఎవరిది

గూడు దగ్గరికొచ్చేసరికి ప్రశ్న కులం వైపు తిరుగుతుంది. దున్నని గట్టు, రాళ్ల దిబ్బ, కొండ కింది వాలు ఈగలకు ఇళ్లు. చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లు మించి పోలేవు, కాబట్టి పక్క పొలం కాపు కూడా ఆ గట్టు మీదే ఆధారపడుతుంది. మంచి నేలలు పైకులాల చేతుల్లో ఉండగా, డీకేటీ పట్టాలతో దళితులకు దక్కింది ఎక్కువగా ఇలాంటి రాతి నేలలే. దేశ జనాభాలో 16.6 శాతమున్న షెడ్యూల్డ్ కులాల చేతిలో సాగు విస్తీర్ణం 9 శాతం లోపే.

ఆ భూమీ నిలవడం లేదు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా తీసుకున్నారు, అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. హబ్ రాలేదు. బీడు పడిన ఆ నేల మీద ఈగలు బతకొచ్చు. వదులుకున్న కుటుంబాలకు మాత్రం దక్కింది వలసే. ఈగలు తిరిగొచ్చినంత మాత్రాన న్యాయం తిరిగొచ్చినట్టు కాదు.

కలుపుమందు మానేస్తే కలుపు తీసేది భూమి లేని ఆడకూలీలు, వాళ్లలో ఎక్కువమంది దళితులు. తుమ్మి పువ్వు మీద ఏ ఈగ ఎప్పుడు వాలుతుందో వాళ్లు రోజూ చూస్తారు. రైతు శిక్షణకు మాత్రం పాసుపుస్తకం ఉన్నవాళ్లనే పిలుస్తారు. నోటిమాట మీద ఏడాదికి కౌలు తీసుకున్నవాళ్లు గట్టు మీద కానుగ నాటినా అది పూసే నాటికి ఆ పొలంలో ఉండరు. ఆవు లేనివాళ్లకు జీవామృతం కొనుక్కునే సరుకే.

అందుకే పరిశోధక విద్యార్థులుగా, కార్యకర్తలుగా మనం కొన్ని పనులు మొదలుపెట్టాలి. ఈగలను లెక్కించే పట్టికలో భూమి ఎవరిది, పట్టా ఏ రకం, కూలి ఎవరు అనే గడులు చేర్చాలి. సర్వేలో కూలీ మహిళలను సమాచారం ఇచ్చేవాళ్లుగా కాక, జీతం తీసుకునే సర్వేయర్లుగా పెట్టుకోవాలి. అసైన్డ్ భూముల గట్ల మీద తంగేడు, కానుగ పెంచే పనిని ఉపాధి పనుల్లో చేర్చమని గ్రామసభలో అడగాలి. కౌలుదారుకు కనీసం ఐదేళ్ల రాతపూర్వక హామీ కోరాలి. పట్టుపురుగు చావును లెక్కపెట్టే ఊళ్లు తుమ్మెద చావునూ లెక్కపెట్టగలవు. ఆ తుమ్మెదకు చోటిచ్చిన గట్టు ఎవరిదో కూడా అదే లెక్కలో రాయాలి.