నీటి అడుగున ఫోటోలు

దేవరకొండ కోట ఎక్కి చూస్తే చుట్టూ గుట్టలూ, చెలకలూ, చెరువులూ కనిపిస్తాయి గాని సముద్రం కనిపించదు. సముద్రం అక్కడికి చాలా దూరం. అయినా, సముద్రంలో మునిగి ఫోటోలు తీసేవారి మొదటి పాఠాన్ని దేవరకొండ పిల్లలు ఇంటి వాకిట్లోనే నేర్చుకోవచ్చు.

ఒక గిన్నెలో రూపాయి బిళ్ళ వెయ్యండి. గిన్నె అంచు అడ్డమై బిళ్ళ కనిపించకుండా పొయ్యేదాకా వెనక్కు జరగండి. అక్కడే కదలకుండా ఉండి, తమ్ముణ్ణి గాని చెల్లెల్ని గాని గిన్నెలో మెల్లిగా నీళ్ళు పొయ్యమనండి. మాయమైన బిళ్ళ మళ్ళీ కనిపిస్తుంది! బిళ్ళ పైకి తేలలేదు. వెలుతురు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగింది, అంతే. ఈ వంపు మూలానే నీటిలో అద్దాలు పెట్టుకుని చూసేవాడికి నాలుగడుగుల దూరాన ఉన్న చేప మూడడుగుల దూరంలోనే ఉన్నట్టు, అసలు కన్న పెద్దదిగా కనిపిస్తుంది. "దగ్గరికి వచ్చేశాను" అని తొందరపడి మీట నొక్కితే ఫోటో చెడుతుంది. ఇంకా దగ్గరికి పోవాలి.

ఎందుకంటారా? నీరు రంగుల్ని మింగేస్తుంది. అన్నిటికన్న ముందు మింగేది ఎరుపును. 5 మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. తరవాత నారింజ, పసుపు పోతాయి. చివరకు మిగిలేది నీలం. బాగా లోతున వేలు తెగితే నెత్తురు ఆకుపచ్చగా కనిపిస్తుంది!

పోయిన రంగుల్ని తెచ్చుకోవటానికి దీపం కావాలి. 1893లో ఫ్రాన్సు సముద్రంలో లూయీ బూటాన్ అనే శాస్త్రవేత్త ఫోటోలు తీసినప్పుడు వెలుతురు చాలక ఒక్కొక్క ఫోటోకు అరగంట దాకా పట్టేది. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుగులో నీటి అడుగున మొదటి రంగుల ఫోటోలు తీశారు. ఈనాడు జేబులో పట్టే కెమెరాలోనే మెరుపుదీపం ఉన్నది.

అయితే అందులో ఒక చిక్కు ఉన్నది. దుమ్ము లేచిన బాటలో రాత్రి లారీ దీపాలు వేస్తే బాట కనపడదు, దుమ్మే తెల్లగా మెరుస్తుంది. నీటిలోని నలుసులూ అంతే. చిన్న కెమెరాలో దీపం కటకం పక్కనే ఉంటుంది గనక, ఫోటో నిండా తెల్లని చుక్కలు పడతాయి. చేపకు దగ్గరగా పోతే మధ్యన నీరు తగ్గుతుంది, నలుసులూ తగ్గుతాయి, రంగులూ దక్కుతాయి. ఒక్క ఉపాయంతో మూడు లాభాలన్నమాట!

ఇక కెమెరా తడవకూడదు గదా! దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తారు. 10 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువు అదనంగా పడుతుంది. 10 సెంటీమీటర్ల పొడుగు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూత మీద ఎంత పడుతుందో లెక్క కట్టండి. 60 కిలోలు! మూత చుట్టూ ఉన్న రబ్బరు వలయం మీద ఒక్క తలవెంట్రుక చిక్కినా నీరు లోపలికి దూరుతుంది. అందుకే ముందుగా ఖాళీ పెట్టెను నీట ముంచి, బుడగలు వస్తాయేమో చూస్తారు.

కెమెరా పోతే మరొకటి కొనవచ్చు. ప్రాణం అలా కాదు. గాలితిత్తి కట్టుకుని మునిగినవాడు 10 మీటర్ల లోతున ఊపిరి బిగబట్టి పైకి వస్తే, రొమ్ములోని గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. చేప వెంటబడి తిత్తిలో గాలి ఎంత ఉన్నదో చూసుకోవటం మరిచినా అపాయమే. అందుచేత మునగటం బాగా వచ్చిన తరవాతనే కెమెరా పట్టాలి. తోడు లేకుండా మునగకూడదు.

మన విశాఖపట్నం దగ్గర రుషికొండ తీరాన ఈ విద్య నేర్పేవారున్నారు. మీరు పెద్దయినాక నేర్చుకోవచ్చు. అందాకా బావిలోకి గాని, డిండి జలాశయంలోకి గాని పెద్దలు తోడు లేకుండా దిగకండి. గిన్నె, రూపాయి బిళ్ళ మీ చేతిలోనే ఉన్నాయి గదా!