చేపే కదా... అనుకోలేం!

రాత్రి చక్కగా మేత తిన్న చేప తెల్లారేసరికి ట్యాంకు అడుగున పడి ఉంటుంది. ఒంటిమీద గాయం ఉండదు, మచ్చ ఉండదు. ఎందుకు పోయిందో అర్థం కాదు. ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉదయమిది. అలాంటప్పుడు మిగిలిన చేపల్ని ఎలా కాపాడుకోవాలి? పిల్లలకు ఏం చెప్పాలి?

మా హాల్లో మూడడుగుల ట్యాంకు. అందులో రెండు క్లౌన్‌ ఫిష్‌లు. నారింజ రంగు ఒంటిమీద తెల్లటి పట్టీలు... 2003లో వచ్చిన ‘ఫైండింగ్‌ నీమో’ సినిమాతో పిల్లలందరికీ చుట్టమైపోయిన చేప. పెద్దదానికి మా ఎనిమిదేళ్ల అబ్బాయి పెట్టుకున్న పేరు ‘అక్క’. చిన్నది ‘తమ్ముడు’.

ఓ ఆదివారం పొద్దున్నే లైటు వేసేసరికి అక్క రాళ్ల పక్కన కదలకుండా పడి ఉంది. తమ్ముడు దాని చుట్టూనే తిరుగుతోంది.

ఇంట్లో వెంటనే మొదలైంది విచారణ. ‘నిన్న సాయంత్రం హాల్లో దోమల మందు కొట్టింది నువ్వే కదా’ అన్నాను నేను. ‘రాత్రి కరెంటు పోయినప్పుడు మోటారు సంగతి చూసుకోనిది మీరు’ అంది మా ఆవిడ. ‘మధ్యాహ్నం పులుసు తినే ఇంట్లో చేప పోయిందని ఈ గొడవేంట్రా’ అని అమ్మ విసుక్కుంది. ఈ సందట్లో అబ్బాయి మాట్లాడటం మానేశాడన్న సంగతి మేమెవరం గమనించలేదు.

ముందు మిగిలినవి!

కారణం వెతకడానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది... చనిపోయిన చేపను వెంటనే బయటికి తీసేయడం. వెచ్చటి నీటిలో అది త్వరగా కుళ్లుతుంది. అమ్మోనియా పెరిగి మిగిలిన చేపల ప్రాణం మీదికొస్తుంది. తీశాక మొప్పల్ని, రెక్కల్ని, పొలుసుల్ని ఒకసారి పరీక్షగా చూడాలి.

తర్వాత నీటి పరీక్ష. అమ్మోనియా, నైట్రైట్‌ రెండూ సున్నా ఉండాలి. ఉప్పు శాతం తెలిపే హైడ్రోమీటర్‌ 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 25-26 డిగ్రీల దగ్గర, పీహెచ్‌ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటే నిశ్చింతే. తేడా కనిపిస్తే, ముందుగా ఉప్పు కలిపి అదే వెచ్చదనానికి తెచ్చిన నీటితో ట్యాంకులో పావు వంతు మార్చాలి. స్ప్రేలాంటిదేదో పడిందన్న అనుమానముంటే ఫిల్టర్లో యాక్టివేటెడ్‌ కార్బన్‌ వేయొచ్చు. తొందరపడి మందులు మాత్రం పోయకూడదు. చేపల జబ్బులకు వాడే రాగి మందు రొయ్యల్నీ, నత్తల్నీ చంపేస్తుంది.

ఆరోజు మా ట్యాంకులో లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే నన్ను మరింత అయోమయంలో పడేసింది.

ఎందుకు తెలియదంటే...

ఉప్పునీటి చేపల్లో కొన్ని చావులు ఆనవాళ్లు మిగల్చవు. ‘వెల్వెట్‌’ అనే పరాన్నజీవి ముందు మొప్పల్లోకే చేరుతుంది. ఒంటిమీద బూడిద చల్లినట్టు కనిపించేలోపే చేప ఊపిరాడక చనిపోవచ్చు. ఉప్పునీటిలో ఆక్సిజన్‌ మంచినీటిలో కంటే దాదాపు ఐదోవంతు తక్కువగా కరుగుతుంది. రాత్రి గంటసేపు మోటారు ఆగితే ఇబ్బంది పడేవి పెద్ద చేపలే. పొద్దున్నకి మోటారు తిరుగుతూ ఉంటుంది, నీళ్లూ బాగానే ఉంటాయి. అందుకే బ్యాటరీతో నడిచే ఎయిర్‌ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మేలు. కొన్ని చేపల కథ మన ఇంటికి రాకముందే మొదలవుతుంది. ఆగ్నేయాసియా సముద్రాల్లో సైనైడ్‌ చల్లి మత్తెక్కించి పట్టిన చేపలు బయటికి బాగానే కనిపించి, వారాల తర్వాత చనిపోవడమూ ఉంది.

వయసైపోయిందని సరిపెట్టుకుందామన్నా కుదరదు. బాగా చూసుకుంటే క్లౌన్‌ ఫిష్‌ ఇరవయ్యేళ్లు కూడా బతకగలదు.

అసలు దోషి ఎవరు?

సాయంత్రం అబ్బాయి మెల్లగా నా పక్కన చేరాడు. ‘నాన్నా, రాత్రి మీరంతా పడుకున్నాక ఇంకో చిటికెడు మేత వేశాను. అందుకే చచ్చిపోయిందా?’

పొద్దుట్నుంచీ వాడు మోస్తున్న బరువు అదన్నమాట! ఇంట్లో ఏం జరిగినా తమవల్లేనని పిల్లలు అనుకోవడం మామూలే. మేం ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటుంటే, అసలు దోషి తనేనని వాడు తేల్చేసుకున్నాడు.

అప్పుడు పనికొచ్చింది పొద్దుటి పరీక్ష. టెస్ట్‌ కిట్‌ తెచ్చి వాడి ముందే మళ్లీ చేశాను. ‘నువ్వు వేసిన మేత కుళ్లి ఉంటే ఈ నీళ్లు ఆకుపచ్చగా మారాలి. చూడు, పసుపు పచ్చగానే ఉన్నాయి’ అన్నాను. వాడు గాజు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ‘మరి ఎందుకు పోయింది?’

‘తెలియదురా’ అన్నాను. ఆ మాట అనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ నీటి పరీక్ష అన్నిసార్లూ కారణం చెప్పకపోవచ్చు. ఏది కారణం కాదో చెబుతుంది. నింద మోస్తున్నవాళ్లకి అది చాలు.

నిద్రపోయిందనో, ఊరెళ్లిందనో పిల్లలకు చెప్పొద్దు. అలాంటిదే ఇంకోటి తెచ్చి గుట్టుగా ట్యాంకులో వదలొద్దు. చనిపోయిందని సూటిగా చెప్పి, ఏడుపొస్తే ఏడవనివ్వాలి. చేపను చెరువులోనో, కాలువలోనో పడేయకూడదు. జబ్బేదైనా ఉంటే అక్కడి చేపలకు సోకుతుంది. మేం కాగితంలో చుట్టి, పిల్లులు తవ్వకుండా కరివేపాకు మొక్క పక్కన లోతుగా పాతిపెట్టాం. నీళ్లు పోసింది అమ్మే.

‘తమ్ముడు ఒక్కటే ఎలా ఉంటుంది?’ అన్నాడు వాడు. క్లౌన్‌ ఫిష్‌లలో ఆడది పోతే దాని జతగా ఉన్న మగదే నెలల వ్యవధిలో ఆడదిగా మారుతుందని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

‘అంటే తమ్ముడే అక్కవుతుందా? అయితే దానికో తమ్ముణ్ని తేవాలి.’

తెద్దామన్నాను. కానీ ఇప్పుడే కాదు. నెల్లాళ్లు దీని ఆరోగ్యం చూసుకోవాలి. కొత్తది వచ్చాక దాన్నీ నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. వాడు క్యాలెండర్‌ దగ్గరికెళ్లి రోజులు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. ఆ రాత్రి తమ్ముడికి మేత వేసింది వాడే... ఒకే ఒక్క చిటికెడు!