పంటి మీద నీటి సంతకం

ఎంత తోమినా వదలని మరకలు కొందరి పళ్ల మీద ఉంటాయి. పేస్టు మార్చినా, బ్రష్షు మార్చినా లాభం ఉండదు. ఎందుకంటే అవి తిన్న తిండి వల్ల వచ్చినవి కావు. చిన్నప్పుడు తాగిన నీళ్లు వదిలిన గుర్తులు.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఆ గుర్తులతో పెరిగిన తరాలున్నాయి. ముందుపళ్ల మీద సున్నం చల్లినట్టు తెల్లమచ్చలు, అడ్డంగా గోధుమరంగు చారలు. దీన్నే దంత ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు రాశారు.

పన్ను రాకముందే...

శాశ్వత దంతాల మీది ఎనామిల్ చిగురు కిందే తయారవుతుంది. పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ల దాకా సాగే పని ఇది. ఆ వయసులో తాగే నీటిలో ఫ్లోరైడ్ మితిమీరితే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. అందుకే పాలపళ్లు తెల్లగా ఉన్నాయని ధీమా పనికిరాదు. అసలు సంగతి ఆరేడేళ్లకు కొత్త పళ్లు వచ్చాక గానీ బయటపడదు. అప్పుడు దంతవైద్యులు మచ్చల్ని కప్పగలరు, తగ్గించగలరు. పాడైన ఎనామిల్‌ను మళ్లీ కొత్తగా చేయలేరు.

అలాగని ఫ్లోరైడ్ పూర్తిగా శత్రువేం కాదు. కొద్దిగా ఉంటే పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి ఉంది.

కాస్తే పోతుందా?

పోదు. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. ఆర్వో యంత్రం చాలావరకు తీసేస్తుంది. శుద్ధిచేసిన నది నీరు, శుభ్రంగా పట్టిన వాననీరు కూడా మేలే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్గొండ పద్ధతి’ని రూపొందించింది నాగపూర్‌లోని నీరి సంస్థ.

ఇవి గుర్తుంచుకోండి

* ఇంట్లో బోరు నీళ్లు తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. రంగు, రుచి చూసి ఫ్లోరైడ్‌ను పట్టుకోలేం.

* ఆర్వో నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఆ నీళ్లు తాగే పిల్లలకు పుచ్చుపళ్లు రాకుండా ఎలాంటి పేస్టు వాడాలో దంతవైద్యుణ్ని అడగండి.

* మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పండి.

బడి సంచిలో రోజూ పెట్టే నీళ్ల సీసా ఎక్కడ నింపుతున్నామో చూసుకోవాల్సింది ఇప్పుడే. పళ్లొచ్చాక చూసుకుందామంటే ఆలస్యమైపోతుంది.