విజయనగర నిర్మాణ సాంకేతికతకు ఆరుబయలు ప్రదర్శనశాల లేపాక్షి

లేపాక్షి: రాతిని మలచడంలోను, నిలపడంలోను, కప్పులపై వర్ణచిత్రాలు వేయడంలోను 16వ శతాబ్దపు పనివారు సాధించిన నైపుణ్యాన్ని ఒకేచోట చూపగల క్షేత్రం లేపాక్షి. శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గల ఇక్కడి వీరభద్రస్వామి ఆలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు పొందాయి.

నిర్మాణ విశేషాలు

విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో (1529-42) విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కూర్మశైలమనే గుట్టపై ఈ ఆలయాన్ని నిర్మింపజేశారు. ముఖమండపంలోని వేలాడే స్తంభం అడుగుభాగం నేలకు పూర్తిగా ఆనదు. కింది సందులో నుండి వస్త్రాన్ని తీయవచ్చును. పైకప్పు భారాన్ని చుట్టూ గల దూలాలు, స్తంభాలు మోయడమే ఇందుకు కారణం. కప్పులపై సున్నపు పూత వేసి, సహజ వర్ణాలతో చిత్రాలు రచించారు. నాటి వస్త్రాల నమూనాలు, కేశాలంకరణలు వీటిలో స్పష్టంగా కనిపిస్తాయి. స్తంభాలు నిలిచి పైకప్పు పడని కల్యాణ మండపం నాటి పని క్రమాన్ని తెలుసుకొనుటకు తోడ్పడుతుంది. ఒకే బండ నుండి మలచిన నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు కలిగి ఉన్నది. రాష్ట్ర హస్తకళల విక్రయశాలలకు ఈ ఊరి పేరే పెట్టడం గమనార్హం.

వసతుల విస్తరణకు నిబంధనలు

ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి తప్పనిసరి. అందువలన సమాచార కేంద్రం, వాహనాల నిలుపుదల స్థలం, వసతి గృహాలు వంటివి ఏవి తలపెట్టినా స్థల నిర్ణయమే తొలి సమస్య అవుతుంది.

ముందున్న దశలు

తాత్కాలిక జాబితాలో చేరినంత మాత్రాన ప్రపంచ వారసత్వ హోదా లభించదు. సమగ్ర నివేదిక, నిర్వహణ ప్రణాళిక, పరిసర రక్షణ మండలం వివరాలు సమర్పించవలసి ఉంటుంది. ఒక దేశం ఏటా ఒక్క ప్రతిపాదననే పంపగలదు. భారతదేశ తాత్కాలిక జాబితాలో 60కి పైగా స్థలాలు ఉన్నందున, సర్వసన్నద్ధంగా ఉన్న స్థలానికే ముందు అవకాశం దక్కే వీలున్నది.

వర్షాభావంతో తరచు పంటలు కోల్పోయే ఈ పీఠభూమికి పర్యాటకం వానతో నిమిత్తం లేని ఆదాయమార్గం కాగలదు. అయితే ఆ ఆదాయానికి ఆధారమైన శిల, వర్ణచిత్రం చెక్కుచెదరకుండా ఉండాలి. సందర్శకుల సంఖ్య పెరిగే కొద్దీ వారి శ్వాస వలన కలిగే తేమ, స్పర్శ చిత్రాలకు హాని కలిగిస్తాయి. కావున వసతుల ప్రణాళిక, పరిరక్షణ ప్రణాళిక రెండూ ఒకటిగా రూపొందడం అవసరం.