గొంతు పోయినా గుమ్మం మూయని మనిషి!

సినిమా పత్రిక చేతికి రాగానే మీరు ముందు ఏ పేజీ తిప్పుతారు? ముఖచిత్రం సంగతి సరే, అది ఎలాగూ చూస్తారు. ఆ తర్వాత చాలామంది వేళ్లు వెళ్లేది పాఠకుల ఉత్తరాల పేజీకే! తమ అభిమాన నటుణ్ణి ఎవరైనా విమర్శించారా, తాము పంపిన ప్రశ్న అచ్చయిందా, అయితే జవాబు చురుగ్గా ఉందా... ఇదీ ఆరాటం. పత్రిక నడిపేవాళ్లకూ ఆ పేజీ అంటే ప్రాణం. రాసింది ఎవరో ఒకరు చదువుతున్నారని రూఢిగా తెలిసేది అక్కడే కదా!

ఇంటర్నెట్టులో సొంతంగా బ్లాగు రాసుకునేవాళ్లకి ఆ పేజీతో సమానం పాఠకుల వ్యాఖ్యలు. నేనూ ఒక బ్లాగరునే. సినిమాల గురించి పత్రికలకి రాస్తాను గానీ, నాకున్న అసలు పిచ్చి పరికరాలు. పాత టేప్ రికార్డరు, 16 ఎమ్.ఎమ్. ప్రొజెక్టరు, చేతి కెమెరా, మొన్న మొన్న వచ్చిన ఇయర్‌ఫోన్లు... ఏది దొరికినా విప్పి చూడందే నిద్ర పట్టదు. చూసింది బ్లాగులో పెడతాను. దానికి పైసా రాదు. వచ్చేదల్లా కింద నలుగురు రాసే నాలుగు ముక్కలే.

ఆ నాలుగు ముక్కల మీదే దాడి జరుగుతోంది!

"మీ రచన అద్భుతం. ఎంతో నేర్చుకున్నాను. మరిన్ని రాయండి" అని ఇంగ్లీషులో ఒక వ్యాఖ్య వస్తుంది. సంతోషంగా సంతకం వైపు చూస్తే, మనిషి పేరు ఉండాల్సిన చోట ఏదో మందుల దుకాణం పేరు ఉంటుంది. క్యాసెట్టు ప్లేయరుకి రబ్బరు బెల్టు మార్చడం గురించి తెలుగులో రాస్తే, దాని కింద జూదం, అప్పులు, ఒళ్లు తగ్గించే మాత్రలు! దీన్నే స్పామ్ అంటారు.

మన ఊళ్లలో కొత్తగా సున్నం వేసిన గోడ ఖాళీగా కనబడితే ఏమవుతుందో మీకు తెలుసు. తెల్లారేసరికి పోస్టర్లు! "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అని యజమాని రాయిస్తే సరిగ్గా ఆ అక్షరాల మీదే అంటించి పోతారు. ఇదీ అంతే.

దొంగ ఓట్ల వ్యవహారం

గోడకి పోస్టరు వేసినవాడికి దారినపోయేవాళ్లు చూడాలన్న ఆశైనా ఉంటుంది. ఈ వ్యాఖ్యలు పెట్టేవాళ్లకి చాలాసార్లు అదీ అక్కర్లేదు! 1998లో మొదలైన గూగుల్ ఒక పద్ధతి పెట్టింది. ఒక పేజీకి ఎన్ని చోట్ల నుంచి, ఎంత మంచి చోట్ల నుంచి లింకులు ఉన్నాయో చూసి, ఎక్కువ ఉన్నదాన్ని వెదుకులాటలో పైకి తెస్తుంది. అంటే ప్రతి లింకూ ఒక ఓటన్నమాట. ఓట్లున్న చోట దొంగ ఓట్లు ఉండవా? ఊరూ పేరూ లేని బ్లాగుల కింద కూడా తన లింకు గుచ్చి పోతే చాలు, ఓటు పడినట్టే. ఆ పని చేసేది మనిషి కూడా కాదు, ఎక్కడో నడుస్తున్న ఒక ప్రోగ్రాము. ఆ పొగడ్త మీకూ నాకూ కాదు, గూగుల్‌కి!

అన్నట్టు, ఈ మాట పుట్టుక వినోదంగా ఉంటుంది. స్పామ్ అనేది 1937లో అమెరికాలో ఒక కంపెనీ అమ్మకం మొదలుపెట్టిన డబ్బా మాంసం పేరు. 1970లో బి.బి.సి. టెలివిజన్లో మాంటీ పైథాన్ హాస్య బృందం ఒక చిన్న నాటిక వేసింది. హోటల్లో ఏ పదార్థం అడిగినా అందులో స్పామే! పక్కన కూర్చున్న వీరుల గుంపు "స్పామ్ స్పామ్" అని కోరస్ అందుకుంటే, మిగతావాళ్ల మాటలు ఒక్కటీ వినబడవు. మనుషుల మాటల్ని ముంచేసే చెత్తకి కంప్యూటరు కుర్రాళ్లు తర్వాత ఆ పేరే ఖాయం చేశారు.

ప్రతిజ్ఞ చేయించిన విమర్శకుడు

ఇంతకీ ఈ చెత్తతో తలపడ్డ సినిమా మనిషి ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నారు! అమెరికాలో షికాగో సన్-టైమ్స్ పత్రికకి 1967 నుంచి సినిమా సమీక్షలు రాసిన రోజర్ ఈబర్ట్. 1975లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. సినిమా విమర్శకి ఆ బహుమతి రావడం అదే మొదలు. టెలివిజన్లో జీన్ సిస్కెల్‌తో కలిసి బొటనవేలు పైకెత్తి, కిందికి దించి సినిమాల జాతకాలు చెప్పింది కూడా ఆయనే.

కంప్యూటర్లన్నా, ఇంటర్నెట్టన్నా ఈబర్ట్‌కి మొదట్నించీ మహా సరదా. ఇంటర్నెట్టు మీద వచ్చే ఒక పత్రికలో శీర్షిక కూడా రాసేవారు. అమెరికాలోనే చాలా ఇళ్లలో ఈ-మెయిలు కొత్తగా ఉన్న 1996లో, కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణంలో ఆయన ఒక ప్రతిజ్ఞ ప్రతిపాదించారు. అడగకుండా వచ్చిన ఈ-మెయిల్లో ఏ సరుకు అమ్మజూపినా జన్మలో కొనను, గొలుసు ఉత్తరాలు పదిమందికీ పంపను... ఇదీ దాని సారాంశం. బౌల్డర్ ప్రతిజ్ఞగా దానికి పేరొచ్చింది. కొనేవాడు లేకపోతే అమ్మేవాడు ఉండడన్నది ఆయన లెక్క.

లెక్క సరైనదే. కాకపోతే తర్వాత వచ్చిన వ్యాఖ్యల స్పామ్‌కి కొనేవాడు కనబడాల్సిన పనే లేదు, దొంగ ఓటు పడితే చాలు! అందుచేత ప్రతిజ్ఞ ఒక్కటే సరిపోదు. గుమ్మం దగ్గర మనిషి కూడా ఉండాలి. ఈబర్ట్ జీవితంలో ఆ ఘట్టమూ వచ్చింది.

మాట పోయింది, బ్లాగు మిగిలింది

2006లో క్యాన్సరుకి జరిగిన శస్త్రచికిత్సల్లో ఆయన కింది దవడ కొంత తీసేశారు. ఆ తర్వాత మాట పోయింది. తిండీ నీళ్లూ నోటితో తీసుకునే వీలు పోయింది, గొట్టం ద్వారానే ఆహారం. మాటలే వృత్తిగా బతికిన మనిషికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది?

2008లో ఆయన బ్లాగు మొదలుపెట్టారు. సినిమాలే కాదు... చిన్నతనం, తాగుడు మానేసిన సంగతి, చావు, లండన్ వీధులు, అన్నీ రాశారు. కింద వందలకొద్దీ వ్యాఖ్యలు! అవి ముందు ఆయన దగ్గరికి వెళ్లేవి, ఆయన చూసి వదిలితేనే అందరికీ కనబడేవి. చాలావాటి కింద రెండు ముక్కలు జవాబు కూడా రాసేవారు. నోటితో మాట్లాడలేని మనిషికి అదే సంభాషణ. స్పామ్ గొడవ పడలేక ఎంతోమంది బ్లాగర్లు వ్యాఖ్యల పెట్టెకి తాళం వేస్తుంటే, ఆయన మాత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని టిక్కెట్లు చింపే పని తనే చేశారు.

దాని ఫలితం వినండి. ఆయనకి ఇష్టమైన పరికరాల్లో ఒకటి రైస్ కుక్కరు! అవును, మన వంటింట్లో ఉండేదే. దాంతో ఏమేమి వండొచ్చో బ్లాగులో రాస్తే పాఠకులు ఎగబడి తమ చిట్కాలు, వంటకాలు రాశారు. ఆ వ్యాఖ్యల్ని కూడా కలిపి 2010లో రైస్ కుక్కరు మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారు. అప్పటికి ఆయన మెతుకు ముట్టలేని స్థితిలో ఉండి నాలుగేళ్లు! తను తినలేని అన్నం గురించి పదిమందితో కబుర్లు చెప్పుకుని పుస్తకం చేసిన మనిషిని ఏమనాలి?

ఆ వ్యాఖ్యల్లో పరిచయమైన సినిమా పిచ్చివాళ్లలో కొందరిని ఏరి, వాళ్ల చేత తన సైటులో వ్యాసాలు రాయించారు. ఈజిప్టు, టర్కీ, దక్షిణ కొరియా, మెక్సికో... ఇలా ఎక్కడెక్కడి కుర్రాళ్లో! పెట్టెకి తాళం వేసి ఉంటే వీళ్లంతా ఎక్కడి వాళ్లు అక్కడే ఉండిపోయేవాళ్లు.

తిట్టు వేరు, చెత్త వేరు

గుమ్మం దగ్గర మనిషి ఉన్నాడు కదా అని నచ్చనివాళ్లని ఆయన తరిమేశారనుకునేరు. 2010 ఏప్రిల్‌లో "వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవు" అని రాశారు. అంతే, కుర్రకారు విరుచుకుపడ్డారు! నాలుగు వేలు దాటాయి వ్యాఖ్యలు. తిట్టినవాళ్లని, వాదించినవాళ్లని రానిచ్చారు, చదివారు. చివరికి ఆ జూలైలో, ఆటలు ఆడకుండా ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనే రాశారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మీ అభిమాన హీరో సినిమాని నేను బాగాలేదన్నాననుకోండి. నన్ను నిలదీస్తూ మీరు రాసేది స్పామ్ కాదు. మీరు ఆ వ్యాసం చదివారు, కోపం వచ్చింది, రాశారు. "అద్భుతం, మరిన్ని రాయండి" అన్న ప్రోగ్రాముకి అసలు చదువే రాదు!

యంత్రాల కాపలా

రోజుకి వందల చెత్త వ్యాఖ్యలు వచ్చిపడితే ఒక్క మనిషి ఎంతని చూస్తాడు? అందుకని యంత్రాలనే కాపలా పెట్టారు. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్.ఎస్.ఎన్. కలిసి ఒక గుర్తు తెచ్చాయి. అది తగిలించిన లింకుని ఓటుగా లెక్కపెట్టకూడదని ఒప్పందం. దొంగ ఓట్లకి విలువ పోయింది గానీ, వేసేవాళ్లు మానలేదు. ప్రోగ్రాముకి జీతం ఇవ్వాలా, భత్యం ఇవ్వాలా?

అదే ఏడాది వర్డ్‌ప్రెస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన మాట్ ముల్లెన్‌వెగ్ తెచ్చిన అకిస్మెట్ మరో రకం కాపలాదారు. ఒక బ్లాగులో పట్టుబడ్డ దొంగ ఆనవాళ్లు మిగతా బ్లాగుల గేట్లన్నిటికీ చేరవేస్తుంది. వంకర అక్షరాలు చదివి మనిషినని రుజువు చేసుకోమనే కాప్చా సంగతి మీ అందరికీ అనుభవమే. ఇంకో ఉపాయం నాకు భలే నచ్చింది: కంటికి కనబడకుండా ఒక ఖాళీ గడి పెడతారు. మనుషులు దాన్ని చూడరు కనుక వదిలేస్తారు. ప్రోగ్రాము అత్యాశకొద్దీ అదీ నింపి బోనులో పడుతుంది!

నా బ్లాగుకీ ఇలాంటి కాపలా ఉంది. అయినా ప్రతి ఆదివారం చెత్తబుట్ట నేనే ఒకసారి తిరగేస్తాను. ఎందుకంటారా? ఒకసారి పాత సినిమా ప్రొజెక్టర్ల మీద రాశాను. పాతికేళ్లు ఆపరేటరుగా పనిచేసిన ఒక పెద్దాయన తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఫోను నంబరు ఇచ్చి, ఒక వీడియో లింకు కూడా పెట్టారు. లింకు, నంబరు, అర్థంకాని ఇంగ్లీషు... యంత్రం కంటికి అచ్చం దొంగే! బుట్టలో పడేసింది. తీసి చదివితే అందులో ఎంత సరుకు ఉందో! కార్బన్ కడ్డీలు కాలి అరుగుతుంటే వాటి మధ్య ఎడం చెడకుండా ఎలా జరిపేవారో, రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూల మెరిసే చుక్క కోసం ఎలా కాచుకునేవారో, ఆ చుక్క తప్పితే హాల్లో ఈలలు ఎలా మోగేవో వరసగా రాశారు. ఏ పుస్తకంలో దొరుకుతుంది ఇది? నా వ్యాసం కన్నా ఆయన వ్యాఖ్యే బాగుందని మిగతావాళ్లు రాస్తే నాకు అసూయ వేయలేదంటే నమ్మండి!

ఈమధ్య యంత్రాలు చక్కని తెలుగులో కూడా పొగుడుతున్నాయి. "మీ విశ్లేషణ ఎంతో లోతుగా ఉంది" అంటాయి. దేని విశ్లేషణో మాత్రం చెప్పవు. కనుక పాఠక మిత్రులకి ఒక చిన్న మనవి. ఎవరి బ్లాగు అయినా మీకు నచ్చితే "సూపర్" అని వదిలేయకండి. ఏ మాట నచ్చిందో, ఏది తప్పో, మీ ఊరి హాల్లో అది ఎలా ఉండేదో ఒక్క వాక్యం రాయండి. ఏ గేటు దగ్గరైనా అదే మీ టిక్కెట్టు.

రోజర్ ఈబర్ట్ తన ఆఖరి బ్లాగు 2013 ఏప్రిల్ 2న రాశారు. మళ్లీ క్యాన్సరు వచ్చిందని, పని కాస్త తగ్గించుకుంటానని చెబుతూనే, చేయబోయే కొత్త పనుల జాబితా ఇచ్చారు, పాఠకులకి కృతజ్ఞతలు చెప్పారు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 4న, 70వ ఏట కన్నుమూశారు. ఆ ఆఖరి టపా కింద కూడా మనుషులు బారులు తీరి రాశారు.